మా బడిలో ఒక్కరోజూ కూర్చోని పిల్ల

ఎమ్మిగనూరులో మా వీధివాళ్ళకు నేను రిటైరైన హెడ్‌మిస్ట్రెస్‌నని తెలుసు. జూన్ దగ్గరపడితే ఎవరో ఒకరు చిన్నపిల్లను చెయ్యి పట్టుకుని తీసుకొస్తారు. ఈ ఏడు బడిలో వెయ్యొచ్చునా, ఇంకో ఏడు ఆగాలా, వేస్తే ఏ బడి మంచిది అని అడుగుతారు. కాఫీ ఇస్తాను. పిల్లతో కాసేపు మాట్లాడతాను. సలహా మాత్రం ఇవ్వను. నాకు గర్వమని ఒకరిద్దరు అనుకున్నట్టు తెలిసింది. కారణం వేరే ఉంది.

ముప్పై మూడేళ్ళ ఉద్యోగంలో ఈ విషయంలో నేను చేసిన తప్పు ఒకటి ఉంది. ఇప్పుడు కొత్తగా ఉద్యోగంలో చేరి, ఒకటో తరగతికి వచ్చే పిల్లలను ఎదురుగా నిలబెట్టుకుని చూడబోయే టీచర్లకు పనికొస్తుందేమోనని రాస్తున్నాను. పేర్లు రాయడం లేదు. ఊరి పేరు కూడా అక్కర్లేదు. ఎమ్మిగనూరు నుంచి ఆదోని పోయే దారిలో బస్సు దిగి, ఆటోలో లోపలికి పోవలసిన ఊరు.

రిటైర్మెంటుకు నాలుగేళ్ళ ముందటి మాట. అంతకు ముందు ఏడు ఎండాకాలంలో మా ఆయన చనిపోయారు. ఆదోనిలో ఒక పత్తి మిల్లు ఆఫీసులో పని చేసేవారు. మా ఇంట్లో మాట్లాడే మనిషి ఆయన. పేపరైనా పుస్తకమైనా పైకే చదివేవారు. నేను వంట చేసుకుంటూ వినేదాన్ని. మాకు పిల్లలు లేరు. ఆయన పోయాక ఇల్లు ఒక్కసారిగా చప్పుడు లేకుండా అయిపోయింది. అలాంటి ఇంటి నుంచి బడికి పోతే పిల్లల గోల భరించలేననిపించాలా, హాయిగా ఉండాలా? హాయిగా ఉంటుందని అందరూ అన్నారు. నాకు అలా జరగలేదు. గొంతులు వింటే తలలో నొప్పి లేచేది.

బడిలో యాభై మంది పిల్లలు, ఇద్దరు టీచర్లం. "నోటి మీద వేలు" అనడం నాకు ఆ ఏడే అలవాటైంది. మొదట పాఠం మధ్యలో అనేదాన్ని. తర్వాత ప్రార్థన ముందు, అన్నం ముందు, చివరికి ఏ పనీ లేనప్పుడు కూడా. కొన్ని నెలలకు నేను నోరు తెరిచే అవసరం కూడా లేకపోయింది. వరండాలో నా చెప్పుల చప్పుడు వినపడితే చాలు, వేళ్ళు పెదాల మీదకు వెళ్ళేవి. తనిఖీకి వచ్చిన అధికారి చాలా మెచ్చుకున్నారు. మండలంలో ఇంత క్రమశిక్షణ ఉన్న బడి చూడలేదని సమావేశంలో నలుగురి ముందూ చెప్పారు. నేను కాదనలేదు.

ఒకటో తరగతికి పిల్లలను తీసుకునే విషయానికి వస్తాను. నిబంధన ప్రకారం ఏ బిడ్డనూ పరీక్షించి వెనక్కి పంపకూడదు. ఐదేళ్ళు నిండితే చేర్చుకోవలసిందే. నిండాయో లేదో తేల్చడమే కష్టం. ఆధార్ కార్డులు చూస్తే మా ఊరి పిల్లల్లో సగం మంది జనవరి ఒకటో తేదీన పుట్టారు. రెండేళ్ళ ముందు అలాంటి కార్డు నమ్మి ఒక పాపను చేర్చుకున్నాను. నాలుగు కూడా నిండలేదని తర్వాత తెలిసింది. ఆ పాప ఏడాదంతా గడప దగ్గర కూర్చుని ఏడ్చింది. ఆ ఏడుపు చూశాక నాకు నేనే ఒక పద్ధతి పెట్టుకున్నాను.

బల్ల మీద మూడు రంగుల ఊలు ముక్కలు, గుప్పెడు చింతగింజలు, పలక, బలపం ఉంచేదాన్ని. పేరు అడగాలి. పొద్దున ఏం తిన్నావని అడగాలి. ఎర్ర ముక్క ఇమ్మనాలి. మూడు గింజలు ఏరమనాలి. పలక మీద గీత గీయమనాలి. ఐదింటిలో మూడు చేస్తే చేర్చుకునేదాన్ని. లేకపోతే "వచ్చే ఏడు తీసుకురామ్మా" అనేదాన్ని. ఎక్కడా రాసేదాన్ని కాదు. రాస్తే నాకే ఇబ్బంది.

మధ్యాహ్నం అన్నం వండే ఆమె నాకంటే పెద్దది. ఆమె లెక్కలో పరీక్ష ఒక్కటే. కుడిచెయ్యి నడినెత్తి మీదుగా పోయి ఎడమ చెవిని అందుకోవాలి. వెనకటికి అందరినీ అలాగే చేర్చుకున్నారు, నన్ను కూడా. నా బల్ల, నా గింజలు చూస్తే ఆమెకు నవ్వు. "ఏం మేడమ్మా, ఈ పొద్దు గూడా చింతగింజల యాపారమేనా?" అనేది.

ఆయన పోయిన మరుసటి ఏడు జూన్‌లో ఒక తల్లి పాపను తీసుకొచ్చింది. కూలిపనికి పోయే మనిషి. ఆ పూట పనికి పోకుండా వచ్చింది. పాపకు తలకు నూనె రాసి, రెండు జడలు వేసి, ఎర్ర రిబ్బన్లు కట్టింది. పాప నా ఎదురుగా చాప మీద కూర్చుని చేతులు కట్టుకుంది.

"నీ పేరేం పాపా?"

జవాబు లేదు.

"పొద్దున ఏం తిన్నావు?"

నా ముఖం చూసింది. తర్వాత వాకిట్లో నిలబడ్డ తల్లి ముఖం చూసింది. చేతులు విప్పలేదు.

ఎర్ర ముక్క ఇమ్మన్నాను. గింజలు చూపించాను. బలపం చేతికి అందించబోయాను. ఆ పిల్ల బలపాన్ని చూసిన చూపు నాకిప్పటికీ గుర్తుంది. తీసుకోవాలని ఉందని తెలుస్తూనే ఉంది. చెయ్యి మాత్రం చంకలోంచి కదల్లేదు. తల్లి సన్నగా నవ్వుతోంది. భయం కొద్దీ నవ్వుతోందనుకున్నాను.

మా రెండో టీచరు అప్పటికి కొత్త. ఆదోని నుంచి మోటారుసైకిల్ మీద వచ్చే కుర్రవాడు. నా పక్కకు వచ్చి మెల్లగా అన్నాడు.

"మేడమ్, మీరు అడిగినవన్నీ తెలుస్తున్నాయి పాపకు. కళ్ళు చూడండి."

"కళ్ళు చూసి చేర్చుకుంటే రేపు ఏడిచేటప్పుడు ఎవరు కూర్చుంటారు?" అన్నాను.

వంటామె గిన్నెలు కడగడానికి పోతూ ఆగింది. పాప చెయ్యి పట్టి తల మీదుగా తిప్పింది.

"చూడండి మేడమ్మా. చెవి ఏంది, మెడకాయ గూడా అందుతాంది. ఇంగేం కావల్ల?"

"చెవి అందితే చాలదు. నోరు కూడా పెగలాలి."

"నోరు దేనికిలే మేడమ్మా, మీ బడిలో?" అంటూ గిన్నెలు తీసుకుని వెళ్ళిపోయింది.

రెండో టీచరు తల దించుకున్నాడు. ఆమె ఎప్పటిలాగే ఎగతాళి చేస్తోందనుకుని నేను పట్టించుకోలేదు.

"ఇంకా తయారు కాలేదమ్మా. వచ్చే ఏడు తీసుకురా" అన్నాను తల్లితో.

ఆమె నవ్వు ఆగింది. "తయారు గాల్యా?" అని పాపను తల నుంచి కాళ్ళ దాకా చూసింది. ఒక రిబ్బను సర్దింది. "ఇంగా ఏం చెయ్యల్ల మేడమ్?"

"ఏం చెయ్యక్కర్లేదు. ఏడాది పోతే అదే వస్తుంది."

ఏది వస్తుందో నేను చెప్పలేదు. అడిగిన తల్లికి అది చెప్పడానికి అర నిమిషం పట్టేది. తర్వాత వరసలో ఇంకో తల్లి ఉంది. నాకు తలనొప్పిగా ఉంది.

దసరా సెలవులయ్యాక మా బడిలో ఒక పట్టిక తయారు చేస్తాం. మా వైపు వానలు నమ్ముకునే నేలలు. ఉన్న పంట ఇంటికి వచ్చాక ఊళ్ళో పని ఉండదు. కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు వైపు మిరప కోతలకు పోతాయి. దాన్ని సుగ్గికి పోవడం అంటారు. పోయేవాళ్ళు పిల్లలను వెంట తీసుకుపోకుండా, ఆ నాలుగు నెలలూ బడిలోనే ఉంచుకుని అన్నం పెట్టే ఏర్పాటు ఉంది. సీజనల్ హాస్టల్ అంటారు. ఎవరెవరిని ఉంచుకోవాలో బడి రిజిస్టరు చూసి పట్టిక రాసి పంపాలి. ఆ ఏడు నేనే రాశాను. రిజిస్టరులో లేని పిల్లలు పట్టికలో ఉండరు. రాసేటప్పుడు, జూన్‌లో వెనక్కి పంపిన పాప నాకు గుర్తు రాలేదు.

డిసెంబరు చివర్లో ఒకరోజు పొద్దున బడి ముందు లారీ ఆగింది. గుంపును తీసుకుపోయే మేస్త్రీ తొందర పెడుతున్నాడు. మూటలు, బిందెలు, ఒక మేక కూడా ఎక్కాయి. హాస్టల్లో ఉండే పిల్లలను లారీ దగ్గర నుంచి లోపలికి తీసుకురావడానికి నేను, రెండో టీచరు వెళ్ళాం. తల్లులు పిల్లల తలలు నిమిరి మాకు అప్పగిస్తున్నారు. కొందరు పిల్లలు ఏడుస్తున్నారు. ఒకడు మాత్రం దినామూ గుడ్డు పెడతారా అని అడుగుతున్నాడు.

లారీలో మూటల మీద ఆ పాప కూర్చుని ఉంది. ఒడిలో ఏడాది నిండని తమ్ముడు. వాడి చెవి దగ్గర నోరు పెట్టి గడగడా మాట్లాడుతోంది.

"ఒరే, అదో, ఆ మేడమ్ సూడ్రా. కొట్టదులే. ఊరికే సూస్తాది అంతే. ఆ తెల్లసొక్కా సారు. అదో, గంట. అది టంగుమంటే అన్నం పెడతారంట. ఏడవొద్దురా, మనం బో దూరం పోతాండాం."

అదే మొదటిసారి ఆ పిల్ల గొంతు వినడం. జూన్‌లో లేని మాటలు డిసెంబరుకు ఇలా కొత్తగా వచ్చి ఉండవని, అప్పుడూ ఉన్నాయని నాకు ఆ క్షణంలోనే తెలిసింది.

తల్లి కింద నిలబడి తాడు బిగిస్తోంది.

"ఈమెను ఎందుకు తీసుకుపోతున్నావమ్మా?"

"పేరు లేకపాయె గదా మేడమ్ బడిలో. పేరున్నోళ్ళనే పెట్టుకుంటారంట. సారు చెప్పె."

"మరి జూన్‌లో నోరు విప్పలేదు కదా. ఒక్కదానికీ జవాబు చెప్పలేదు. ఏదీ ముట్టుకోలేదు."

ఆమె తాడు వదిలి నా వైపు తిరిగింది. కోపం లేదు ముఖంలో. అర్థం కాని విషయం ఇప్పుడైనా అడుగుదామన్నట్టు ఉంది.

"అవును గదా మేడమ్. నెల దినాలు నేర్పిచ్చింటి. గోనెపట్ట మీద కూచోబెట్టి, చేతులు కట్టిచ్చి. మేడమ్ ఏం అడిగినా గమ్మున ఉండల్ల, ఆడ ఏదీ ముట్టగూడదు అని. ఇంట్లో ఇది సెప్పిన మాట యినదు, నోరు మూయదు. మీ ముందర మాత్రం కదల్ల్యా, మెదల్ల్యా. అబ్బా, నేర్సుకున్యాది నా బిడ్డ అనుకుంటి. అంత బాగా కూచున్నా మీరు వద్దంటిరి. ఇంగేం నేర్పిచ్చల్లో నాకు తెలీక ఊరుకుంటి."

"అలా ఉండాలని ఎవరు చెప్పారమ్మా నీకు?"

"ఎవురు చెప్పేదేంది?" ఆమె బడి కిటికీల వైపు చెయ్యి చూపించింది. మా కిటికీల పక్కనుంచే చేలకు దారి. "దినామూ పనికి పోతా చూస్తాంటి గదా. మీ పిల్లోళ్ళు అట్లనే కూచోనుంటారు, నోటిమీద ఏలేసుకోని."

రెండో టీచరు అక్కడే ఉన్నాడు, అంతా విన్నాడు.

మండల విద్యాశాఖ ఆఫీసుకు ఫోన్ చేశాను. ఒక పేరు కలపాలి, నా పొరపాటు అన్నాను. అవతలి మనిషి మర్యాదస్తుడు. పట్టిక పైకి పోయింది మేడమ్, బియ్యం కూడా దాని ప్రకారమే వచ్చింది, ఇప్పుడు కలపడానికి నా చేతుల్లో లేదు అన్నాడు. "వచ్చే ఏడు తప్పకుండా చూద్దాం మేడమ్" అన్నాడు. ఆ మాట ఎంత సుఖంగా నోటికి వస్తుందో నాకు తెలుసు.

ఊళ్ళో ఆ పాపను పెట్టుకునే అవ్వలు, అత్తలు ఎవరూ లేరు. ఉన్నవాళ్ళూ అదే లారీలో ఉన్నారు. మేస్త్రీ హారన్ కొట్టించాడు.

తల్లి చక్రం మీద కాలు పెట్టి, ఎక్కకుండా ఆగింది.

"మీ ఇంట్లో ఎవురెవురుంటారు మేడమ్?"

"ఎవరూ లేరు. ఒక్కదాన్నే."

ఆమె తల ఊపింది. అంతకంటే అడగలేదు. కానీ వెంటనే ఎక్కలేదు కూడా. ఆమె ఎందుకు నిలబడిందో నాకు బాగా తెలిసింది. మా ఇంట్లో రెండు గదులు. పాపను రోజూ నాతో బస్సులో తెచ్చి, సాయంత్రం నాతో తీసుకుపోవచ్చు. నాలుగు నెలలు. ఆ మాట నా నోటి దాకా వచ్చింది. ఆడపిల్ల, పరాయి బిడ్డ, ఏదైనా జరిగితే ఎవరిది బాధ్యత అని నాకు నేను చెప్పుకున్నాను. అవి అబద్ధాలు కావు. కానీ నన్ను ఆపింది అవి కాదు. ఆయన కుర్చీ, ఆయన కళ్ళద్దాలు ఉన్నచోటే ఉంచిన ఇల్లు అది. అక్కడ ఇంకో గొంతు వినపడటం నాకు ఇష్టం లేదు. అంతే.

"జాగ్రత్త" అన్నాను.

"అట్లనే మేడమ్" అని ఆమె ఎక్కింది.

లారీ పోయాక ఆఫీసు గదిలోకి వెళ్ళి ఒకటో తరగతి రిజిస్టరు తీశాను. చివరి పేరు కింద ఆ పాప పేరు రాశాను. ఆన్‌లైన్లో కూడా ఎక్కించాను. మర్నాటి నుంచి రోజూ హాజరు పిలిచేటప్పుడు ఆ పేరు కూడా పిలిచేదాన్ని. ఎవరూ పలికేవారు కాదు. గైర్హాజరు వేసేదాన్ని. కొన్నాళ్ళకు రెండో టీచరు అన్నాడు, "రాదని తెలిసిన పాపను రోజూ పిలవడం ఎందుకు మేడమ్?" అని. పేరు ఉన్నప్పుడు పిలవాలి కదా అన్నాను.

నోటి మీద వేలు వద్దని పిల్లలకు చెప్పాను. దించారు. దించి, మాట్లాడకుండా కూర్చున్నారు. మాట్లాడుకోండి అన్నాను. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఏం మాట్లాడాలి మేడమ్ అని ఒక పిల్ల లేచి నిలబడి అడిగింది. అలవాటు చేయడానికి ఆరు నెలలు చాలాయి. మాన్పించడానికి నా మిగిలిన ఉద్యోగమంతా సరిపోలేదు. కొత్త టీచర్లు ఇది గుర్తు పెట్టుకోవాలని నా కోరిక. పిల్ల బడికి తయారైందా అని మనం చూసే ముందే, ఆ పిల్ల ఇంట్లోవాళ్ళు మన బడిని చూసి ఉంటారు. అక్కడ ఏం కనపడిందో దానికే తయారు చేసి తెస్తారు.

కోతలు ముగిశాక గుంపు తిరిగి వచ్చింది. అప్పటికి సెలవులు దగ్గరపడ్డాయి. జూన్ కోసం ఎదురుచూశాను. బల్ల మీద గింజలు, ఊలు ముక్కలు పెట్టలేదు.

బడి తెరిచిన వారానికి తల్లి పాపను వెంటబెట్టుకుని వచ్చింది. పాప పొడవైంది. ఎండకు నల్లబడింది. నేను కుర్చీలోంచి లేచాను.

"రా, కూర్చో. పేరు ఎప్పుడో రాసి పెట్టాను."

"ఆ మాటకే వచ్చినా మేడమ్. పేరు తీసెయ్యల్లంట. మీరు వదిలితే గానీ ఆదోని బడిలో ఎక్కదంట."

ఆదోనిలో ఆమె అక్క ఉంది. పత్తి మిల్లులో పని. పాప ఆమె దగ్గర ఉండి చదువుకుంటుంది. ఇక సుగ్గికి తీసుకుపోయే పని లేదు. అంతకంటే మంచి ఏర్పాటు నేను కూడా చెప్పలేను. అయినా అడిగాను.

"బడి చూశావా?"

"రెండు చూసినాం. గేటుకాడ నిలబడి చూసినాం. ఒకటి గమ్మునుండె. ఇంగోటి బో గలాటా, సంత మాదిరి. ఈ గలాటాలో ఏం చదువొస్తాదే అనె మా యక్క. నేనే ఆడ ఏస్తానంటి."

"ఎందుకు?"

"ఇది ఇంగ నోరు మూయదు మేడమ్. మిరపచేన్లో నలుగురు ఆడోళ్ళ మద్యన పెరిగె. గలాటాలో అయితే దీని గలాటా గూడా కల్సిపోతాది. ఈడైతే మీకు తలనొప్పి."

"ఇప్పుడు ఇక్కడ కూడా మాట్లాడనిస్తున్నాం" అన్నాను.

ఆమె పక్క గది వైపు చూసింది. నా గొంతు విని పిల్లలు అప్పటికే ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. ఆమె మర్యాదకు తల ఊపింది.

టీసీ పుస్తకం తీశాను. చదివిన తరగతి దగ్గర ఒకటి అని రాశాను. హాజరైన రోజులు దగ్గర సున్నా వేశాను. ప్రవర్తన అన్నచోట కాసేపు ఆగి, అందరికీ రాసే మాటే రాశాను. ఈలోగా పాప బల్ల పక్కకు వచ్చేసింది. అదేంది, ఇదేంది అని ఒక్కొక్కటీ అడుగుతోంది. గంట ఎవురు కొడతారు? ఆ గుండ్రందేంది? దాన్ని తిప్పితే ఊరికే తిరగతాదా? నేను చెబుతూ రాస్తున్నాను. చాలా రోజులకు తలనొప్పి లేకుండా ఒకరి మాటలు విన్నానని నాకు తర్వాత తెలిసింది.

"ఇదేంది?"

"బడి ముద్ర."

"నేను గుద్దేదా?"

"యే, గమ్మునుండు" అంది తల్లి.

ముద్ర పాప చేతికిచ్చాను. ఎక్కడ వెయ్యాలో వేలు పెట్టి చూపించాను. రెండు చేతులతో పట్టుకుని, కాలివేళ్ళ మీద లేచి, గట్టిగా ఒత్తింది. వంకరగా పడింది. సగం నా సంతకం మీద, సగం గీత కింద.

"అయ్యో, నీ చేతులు పడ! మేడమ్ కాయితం చెడగొడ్తివే."

"ఏం కాలేదులే" అన్నాను. "ఆదోనిలో ఎవరైనా చెల్లదంటే మళ్ళీ రండి. ఇంకోటి రాసిస్తాను."

తల్లి కాగితాన్ని మడిచి కొంగులో పెట్టుకుంది. పాప వెళుతూ కిటికీలోంచి మా పిల్లలను పిలిచింది. వాళ్ళు పలకలేదు. ఆటో ఎక్కి వెళ్ళిపోయారు.

ఆ వారమంతా బయట ఆటో ఆగిన చప్పుడైతే గేటు వైపు చూశాను. కొత్త కాగితం రాయడానికి టీసీ పుస్తకం బీరువాలో పెట్టకుండా బల్ల మీదే ఉంచాను. వారం తర్వాత రెండో టీచరు కంప్యూటరు ముందు కూర్చుని, ఆ పాప పేరు మన జాబితాలోంచి పోయింది మేడమ్, ఆదోని వాళ్ళు చేర్చుకున్నారు అన్నాడు. ముద్ర సంగతి ఏమైనా అన్నారా అని అడిగాను. ఎవరూ ఏమీ అనలేదు. కాగితం చెల్లింది.